ఎడమ నుంచి కుడికి

ఏలూరులో మా కళాశాల విద్యార్థులకు శిక్షణనిచ్చే ఎన్‌సీసీ దళ కార్యాలయం నుంచి ఒకనాడు నాకు కబురు వచ్చింది. అక్కడి సిబ్బంది మూడు నెలలకొకసారి వెలువరించే వార్తాసంచికలో తెలుగు పుటలను సిద్ధం చేసిపెట్టాలని దళాధికారి కోరారు. ఆ సిబ్బందిలో పలువురు సైన్యం నుంచి వచ్చిన సుబేదారులు, హవల్దార్లు. తిక్కన యుద్ధపర్వాల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకొన్నవాణ్ని గనుక, సైనికుల రచనలు దిద్దడం నాకొక లెక్కా అనుకొన్నాను.

సైనికులకు ప్రత్యేకంగా పత్రిక ఉండటం మన దేశంలో కొత్త విషయం కాదు. 1909 జనవరి 2న ప్రారంభమైన ‘ఫౌజీ అఖ్బార్’ 1954లో ‘సైనిక్ సమాచార్’గా పేరు మార్చుకొని, తెలుగుతో సహా 13 భాషలలో వెలువడింది. మాది అంతటి పత్రిక కాదు. ఎనిమిది పుటల చిన్న సంచిక. చదివేవారు సిబ్బంది, వారి కుటుంబాలు, చుట్టుపక్కల ఊళ్ళలోని మాజీ సైనికులు.

నా చేతికి వచ్చిన మొదటి రచన ఒక హవల్దారుది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ నీట మునిగినప్పుడు, వాటిని పూడ్చడానికి సైన్యపు ఇంజినీరింగ్ దళం తరలివచ్చింది. బుడమేరు చివరకు చేరేది కొల్లేటిలోకే. ఆ రోజులలో కొల్లేటి లంక గ్రామాలకు ఆహారపు పొట్లాలు తీసుకొనిపోయిన అనుభవాన్ని ఆయన పదకొండు వాక్యాలలో రాశారు. నేను వాటిని ముప్పై చేశాను. ‘ప్రళయ పయోధి’ అన్నాను, ‘కరాళ తరంగాలు’ అన్నాను. దళాధికారి తెలుగువారే. సాంతం చదివి, “మాస్టారూ, నీళ్ళు ఎంత లోతున్నాయో ఆయన రాశాడు. మీ దాంట్లో కనిపించడం లేదే!” అన్నారు. నిజమే. ‘నడుము లోతు’ అనే రెండు మాటలు నా సమాసాల కింద మునిగిపోయాయి. తిక్కన మాటల పొదుపును గురించి ఏటేటా తరగతిలో గంటల కొద్దీ చెప్పేవాణ్ని నేనే!

ఛాయాచిత్రాల సంగతి మరొకటి. వెనుక గోడ మీద పటం ఉంటే ఆ చిత్రం పనికిరాదు. వాహనం సంఖ్య కనిపించకూడదు. దళం ఎక్కడ ఉన్నదో తెలియరాదు. అన్నీ తీసివేయగా మిగిలేవి ముఖాలు, వాటి కింద పేర్లు. పేర్లదేముంది, చూసి రాయడమే కదా అనుకొన్నాను.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలటరీ మాధవరం’ అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి సైనికులు వెళ్ళారు. ఆ తరువాత కూడా తరతరాలుగా ఎందరో సైన్యంలో చేరుతూ వచ్చారు. ఆ ఊరి మీద ఒక పుట వేయాలని సంకల్పించి, ఏలూరులో పాసింజరు ఎక్కి, భీమడోలు, పూళ్ళ దాటి వెళ్ళాను. ఒక వృద్ధురాలు ట్రంకుపెట్టె తెరిచి, 1971 నాటి ఒక నెగిటివును, దానితోపాటు కాగితం మీద భర్త స్వయంగా రాసి ఉంచిన పన్నెండు పేర్లను నా చేతిలో పెట్టారు. ఆయన గతించి అప్పటికి తొమ్మిదేళ్ళు.

నెగిటివును దగ్గరుండి స్కాన్ చేయించింది నేనే. కాగితంలోని వరుసనే ‘ఎడమ నుంచి కుడికి’ అని పేర్లు వేయించాను. అక్షరదోషం ఒక్కటి లేదు. సంచిక అచ్చయ్యాక నేనే తీసుకొని వెళ్ళాను. ఆమె కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూశారు.

“మా ఆయన పతకాలు కుడివైపుకి ఎప్పుడు మారాయి బాబూ?” అన్నారు.

పతకాలు ధరించేది ఎడమ రొమ్ము మీద. నెగిటివు తిరగబడింది. దానితో బొమ్మ తారుమారై, పేర్లన్నీ ఒకరివి మరొకరి కిందికి చేరాయి. ఆమె భర్త ముఖం కింద మరెవరి పేరో ఉన్నది. ఆయన పేరు, ఆమె ఎన్నడూ చూసి ఎరుగని మనిషి కింద ఉన్నది. నాకు నోట మాట రాలేదు. క్షమించమన్నాను. “పోనిద్దురూ, కాగితమే కదా” అన్నారు గాని, ఆ సంచికను పెట్టెలో పెట్టలేదు.

దళాధికారి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన మందలించి ఉంటే కాస్త తేలికపడేవాణ్నేమో! తరువాతి సంచికలో సవరణ అని చిన్న అక్షరాలలో వేస్తే చాలునన్నారు సిబ్బందిలో ఒకరు. నేను ఒప్పుకోలేదు. బొమ్మను మొదటి పుటలోనే తిరిగి వేయించాను. ఈసారి పతకాలను, గుండీలను, కాగితంలోని వరుసను మూడుసార్లు సరిపోల్చాను. బొమ్మ కింద పేర్లు తప్ప నా మాట ఒక్కటీ లేదు.

మళ్ళీ మాధవరం వెళ్ళాను. ఆమె నిలుచున్న వరుసలో రెండవ ముఖం మీద వేలు ఉంచి, కింద ఉన్న పేరును కూడబలుక్కొని పైకి చదివారు. వేలు పక్క ముఖం మీదికి జరిగింది. ఆ పేరు కూడా చదివారు.

“ఇంకో ప్రతి ఉంటే ఇయ్యి బాబూ. ఈయన వాళ్ళది మూడో వీధే. వాళ్ళ దగ్గర ఈయన బొమ్మ ఒక్కటీ లేదు” అన్నారు.