ఔటర్‌లో ఆగిన వైఫై

కాజీపేట ఇంటికి ఫైబర్ పెట్టించి మూడు రోజులైంది. వచ్చిన పిల్లగాడు తీగ లాగి, రౌటర్‌ను టీవీ వెనకాల, ఇనుప బీరువాను ఆనించి పెట్టేసి పోయాడు. హాల్లో బ్రహ్మాండం. వెనక గదిలో నాన్న ఫోన్‌లో మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది.

"సికింద్రాబాద్ నుంచి మంచిగనే వచ్చి కాజీపేట ఔటర్ల ఆగినట్టున్నది గదరా!"

రైల్వేలో రిటైరైన మనిషి, ఇంకెలా అంటాడు?

ఆయన మాటే నిజం. ఇంటి దాకా వేగం బాగానే వస్తోంది, ఆగేది ఇంట్లోనే. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ జోరుగా పోతుంది కానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. 2.4 నిదానం, అయినా దూరం పోతుంది. ఇనుప బీరువా రెండింటికీ శత్రువే. రౌటర్‌ను నడవలో సజ్జ మీదికెక్కించాను. ఫోన్‌లో చూస్తే వాడకట్టు మొత్తం 6వ ఛానల్ మీదే ఉంది. 2.4లో ఒకదానికొకటి తగలకుండా నడిచేవి 1, 6, 11 మూడే. మేం 11కి మారాం. "ప్లాట్‌ఫారం మార్చినవన్నమాట," అన్నాడు నాన్న.

పాస్‌వర్డ్ దగ్గర పెద్ద పంచాయితీ. అమ్మకు గుర్తుండాలి, పక్కింటి పిల్లలకు దొరకొద్దు. అది ఇక్కడ చెప్పను.

ఇప్పుడు నాన్న వెనక గదిలో పడుకుని రైళ్ల వీడియోలు చూస్తున్నాడు. కిటికీ అవతల ఒక కూత, ఫోన్‌లో ఒక కూత. ఏది ఏదో అమ్మకు తెలియట్లేదు.