కోటిపల్లి లంకలో గడ్డి లెక్క

కె.గంగవరం మండలంలో కోటిపల్లి పేరు చెబితే సోమేశ్వరస్వామి గుడీ, కార్తీకస్నానాలూ, ముక్తేశ్వరం వైపు దాటించే పంటూ గుర్తొస్తాయి. గోదావరి గౌతమి పాయలో లంకలు కూడా ఉన్నాయి. పశువులున్న ఇళ్లకు ఆ లంకలే మేతబీడు. వరద తీసి రెల్లు పూతకొచ్చిన ఆశ్వయుజంలో, పచ్చిక ఆరోగ్యం మీద పనిచేసే ఒక పరిశోధక మిత్రుడు అక్కడికి వెళ్తుంటే వెంట వెళ్లాను.

నావ దిగగానే నా కళ్లు తెల్లటి రెల్లుపూల మీదికి పోయాయి. ఆయన మాత్రం వంగి నేల చూశారు. సంచిలోంచి మీటరు పొడవు, మీటరు వెడల్పున్న ఇనపచువ్వల చట్రం, కొడవలి, కాగితపు సంచులు తీశారు. నేల మీద తాడు పరిచి, దాని వెంట సమాన దూరాల్లో చట్రం పెట్టుకుంటూ వెళ్లాలి. పచ్చగా ఉన్నచోటే పెడితే లెక్క తప్పుతుంది కాబట్టి ఇసక వచ్చినా, పేడ వచ్చినా అక్కడే పెట్టాలి. చట్రంలో ఏ గడ్డి ఎంత మేర పరుచుకుంది, ఎంత నేల బోడిగా ఉంది, గిట్టల తొక్కిడి ఎంత అన్నవన్నీ రాసుకుంటారు. తర్వాత గడ్డిని మొదలు కాస్త వదిలి కోసి, సంచిలో వేసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తారు. పచ్చిగడ్డి బరువులో ముప్పాతిక దాకా నీరే ఉంటుంది. పశువుకు బలమిచ్చేది మిగిలిన ఎండుపదార్థం.

ఆ తూకంతో ఏం చేస్తారో అక్కడే లెక్కగట్టి చూపించారు. చదరపు మీటరుకు 200 గ్రాముల ఎండుగడ్డి వచ్చిందనుకుందాం. హెక్టారుకు 2,000 కిలోలు. అందులో సగం బీడుకే వదిలేయాలి. 400 కిలోల గేదె రోజుకు సుమారు 10 కిలోల ఎండుపదార్థం తింటుంది. మిగిలిన 1,000 కిలోలు ఒక గేదెకు వంద రోజులు, లేదా పది గేదెలకు పది రోజులు.

సగం ఎందుకు వదలాలి? 1955లో అమెరికాలో ఎఫ్.జె. క్రైడర్ ప్రచురించిన ప్రయోగాలే దీనికి ఆధారం. పైనున్న ఆకులో సగం దాకా తీసినా వేళ్ల ఎదుగుదలకు పెద్దగా దెబ్బ తగల్లేదు. 80 శాతం తీసేస్తే మాత్రం పన్నెండు రోజుల పాటు వేళ్లు పూర్తిగా ఆగిపోయాయి. వేరు ఆగితే నీరందదు, మళ్లీ చిగురు రావడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలోనే పశువులు మరోసారి కొరుకుతాయి. మేతబీడు చితికిపోయే దారి ఇదే. బయటికి కనిపించే పచ్చదనం చూసి బీడు బాగుందనుకోవడం ఎంత పొరపాటో నాకు అక్కడ అర్థమైంది.

పచ్చదనంలోనూ రకాలున్నాయి. 1949లో డిక్‌స్టర్‌హౌస్ అనే శాస్త్రవేత్త బీడులోని మొక్కల్ని మూడుగా విడదీశారు: పశువులు ఏరి ఏరి తినడంతో తగ్గిపోయేవి, వాటి చోటులో పెరిగేవి, బయటినుంచి చొరబడేవి. లంకలో కళ్లముందే చూశాను. పశువులు దిగే దారి పొడవునా నేలకు అంటుకుని పాకే గరిక. ఎంత కొరికినా తట్టుకుంటుంది. మరీ తొక్కుడు పడినచోట వయ్యారిభామ. గేదె దాన్ని ముట్టదు, అందుకే అది హాయిగా విత్తనం రాల్చుకుంటుంది.

మన దేశపు గడ్డిభూముల్ని శాస్త్రవేత్తలు డబడ్ఘావ్, శంకరనారాయణ్ 1973లో అచ్చయిన తమ గ్రంథంలో ఐదు రకాలుగా వర్గీకరించారు. రెల్లు, దర్భ జాతులు కలిసి పెరిగే రకాన్ని గంగా, బ్రహ్మపుత్ర మైదానాలకు చెందినదిగా చెప్పారు. దక్షిణ ద్వీపకల్పం వేరే రకంలోకి వస్తుంది. అయినా ఈ లంక మీద నిలబడితే చుట్టూ రెల్లే. ఏటా ఒండ్రు పోసే పెద్ద నది ఉన్నచోట అలాంటి గడ్డే తయారవుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటి వరదలు ఇసక కప్పినా, రెల్లు భూమిలోని కాండంనుంచి మళ్లీ మొలకెత్తి ఆ ఇసకనే పట్టి నిలుపుతుంది.

రెల్లును పనికిమాలిన గడ్డి అనేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. కోయంబత్తూరు చెరకు పరిశోధకులు సాగు చెరకును రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో రైతుల చేతికొచ్చింది. చెరకుకు మొండితనం ఇచ్చిన గడ్డి ఇది.

గేదెల్ని తోలుకొచ్చిన ఒక పెద్దాయన మా పని చూస్తూ నిలబడ్డారు. "రెల్లు తింటాయా బాబాయ్?" అని మిత్రుడు అడిగారు.

"ఆయ్, లేతదయితే లాగించేత్తాయండి. ముదిరాక ఆకు అంచు నోరు కోసేత్తది, మూతెట్టవు. గరికయితే ఎప్పుడైనా సరేనండి."

ఇంటి దగ్గర మేత సంగతి అడిగాను. "మిషను కోతలొచ్చాక గడ్డి ముక్కలైపోయి చేలోనే ఉండిపోతందండి. వాము దేంతో ఎయ్యమంటారు? అందుకే అందరూ లంకకే తోలుతున్నారు."

వామున్నా అదొక్కటే చాలదన్నారు మిత్రుడు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. కోతల తర్వాత చేలో పిల్లిపెసర, జనుము చల్లే పాత అలవాటు ఆ లోటు తీర్చేది. ఆ పైరు తగ్గినచోట లంక మీద బరువు పెరుగుతుంది. లంక గడ్డిని కొలిచేవాళ్లు ఊళ్లోని వామునూ కొలవాలని నాకనిపించింది.

ఇక కంచె పని మిగిలింది. నాలుగు గుంజలు పాతి వల చుట్టి, పశువు నోరు పడని చదరం ఒకటి ఉంచాలి. లోపలి గడ్డికీ బయటి గడ్డికీ వచ్చే తేడాను బట్టి పశువులు ఎంత మేశాయో తెలుస్తుంది. మిత్రుడు ఒడ్డు దగ్గర చదునైన చోటు చూపించారు. పెద్దాయన ఒప్పుకోలేదు. "అక్కడొద్దండి. ఏరొచ్చినప్పుడు మొదట కోసుకుపోయేది ఆ ఒడ్డే. పైన తుమ్మచెట్టు దగ్గర పాతండి. మావోళ్లకి చెప్తాను, అటు తోలరు."

గుంజలు పైకి మోసుకెళ్లాం.