వదిలేస్తే యాభై... ఉంచుకుంటే?

‘టు లెట్’ బోర్డు కనిపించిన గేటు దగ్గర టీచరుగారు ముందు అడిగేది అద్దె ఎంతని కాదు. నీళ్ళు బాగా వస్తాయా అని కూడా కాదు. ‘‘మా ఇంట్లో ఒక కుక్క ఉందండీ... ఫర్వాలేదా?’’ అని. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన ఇల్లాలి ముఖం అక్కడితో మారిపోతుంది. ‘‘పిన్నిగారూ, మీరొక్కరే అయితే రేపే వచ్చి పాలు పొంగించుకోండి. కుక్కంటే మాత్రం మా అత్తగారు ఒప్పుకోరు’’ అంటూ తలుపు దగ్గరగా వేసేస్తుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో అలా పదకొండు ఇళ్ళు తిరిగారావిడ. వయసు అరవై ఏడు. ప్రైవేటు బడిలో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పారు. భర్త పోయి నాలుగేళ్ళయింది. పోవడానికి రెండేళ్ళ ముందు ఓ వానరాత్రి ఆయన మురుగుకాలవలోంచి తీసి, తువ్వాల్లో చుట్టి తెచ్చిన కుక్కపిల్లే పండు. జాతికుక్కేమీ కాదు. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. తినేది పెరుగన్నం, ఆదివారం ఓ గుడ్డు.

‘‘షుగరు ఉంది, రోజూ నడవండమ్మా’’ అని డాక్టరు పదేళ్ళుగా చెబుతున్నా ఆవిడ నడవలేదు. ఇప్పుడు పొద్దున్నే ఐదున్నరకు పండు వచ్చి మంచంకోడు గీరుతుంది. నడవక తప్పదు. రోజు మొత్తంలో ఆవిడ గొంతు వినేది కూడా అదొక్కటే. ఆయన ఉన్నప్పుడు పేపరు చదివి వినిపించే అలవాటు ఆవిడది. ఆ అలవాటు మానలేదు... వినేవాళ్ళే మారారు.

ఇంతలో ఉంటున్న ఇంటిని అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చేశారు. మూడు నెలల్లో ఖాళీ చేయాలి.

ఉండవల్లి దాకా వెళ్ళి...

‘‘వచ్చెయ్యమ్మా’’ అన్నాడు హైదరాబాదులో ఉంటున్న కొడుకు. కానీ అతని ఫ్లాటు లిఫ్టులో ‘పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు’ అని కాగితం అంటించి ఉంది. పోనీ ధైర్యం చేసి వెళదామన్నా, రైలుదీ ఓ కథే. కుక్కను వెంట ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలోనో, ఫస్ట్ క్లాసులోనో వెళ్ళాలి. అక్కడా తోటి ప్రయాణికులు ఒప్పుకోవాలి. స్లీపరు, థర్డ్ ఏసీలాంటి వాటిలో ఎక్కనివ్వరు. లేదంటే గార్డు పెట్టెలో ఉండే డాగ్ బాక్సులో వేసి పంపాలి. ఇంట్లో పిడుగు శబ్దానికే మంచం కిందికి దూరే పండు ఆ ఇనప గదిలో ఎలా ఉంటుంది?

చివరికి పక్కింటాయన ఓ ఉపాయం చెప్పారు. ‘‘బ్యారేజీ దాటించి వదిలేయండి టీచరుగారూ. పొలాలున్నాయి, ఊళ్ళున్నాయి. నాలుగు ముద్దలు దొరక్కపోవు.’’

ఒక మధ్యాహ్నం ఆవిడ నిజంగానే ఆటో ఎక్కారు. ఒళ్ళో బిస్కెట్ల పొట్లం, పక్కన పండు. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి పొలాల దగ్గర ఆపించారు. పండు ఉత్సాహంగా దూకింది. గట్టంతా వాసన చూసింది. బిస్కెట్లు తింది. తిరిగి వచ్చి, ఇంటికి వెళదామన్నట్టు తనంతట తనే ఆటో సీటెక్కి కూర్చుంది.

‘‘దించేయమంటారా మామ్మగారూ?’’ అడిగాడు ఆటో అబ్బాయి.

‘‘వద్దు నాయనా. వెనక్కి తిప్పు.’’

రానూ పోనూ ఆటోకు నాలుగు వందలైంది. ఈ సంగతి తన దగ్గర చదువుకుని లాయరైన కుర్రాడికి చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నారావిడ. అతను అన్నమాట ఆవిడను ఇంకోలా కలచివేసింది. ‘‘మంచిపని చేశారు టీచర్. వదిలేసి ఉంటే నేరమయ్యేది. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు!’’

ఆటో ఖర్చుకన్నా చవక

అది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టగా వచ్చిన చట్టం. ఆ చట్టం కిందే 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు కూడా ఆమే. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 11వ సెక్షను ప్రకారం నేరం. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే పాతిక నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆనాడు యాభై రూపాయలంటే మాటలు కాదు. ఈనాడు దాంతో రెండు కాఫీలు రావడం కష్టం. ఈ చట్టాన్ని సవరించడానికి 2022లో కేంద్రం ఒక ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది కూడా. మరోపక్క జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద ఐదేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. ఇది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అంటే కొట్టి చంపితే పెద్ద నేరం. రోడ్డు మీద వదిలేసి, లారీ కింద పడి చావనిస్తే యాభై రూపాయలు.

వదిలేయడం ఇంత చవకైనప్పుడు ఉంచుకోవడం ఎంతవుతోంది? నిరుడు పండుకు పిడుదుల వల్ల జ్వరం వచ్చింది. ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరు ఓపికగా చూశారు, డబ్బులేమీ తీసుకోలేదు. రక్తపరీక్షలు మాత్రం బయట చేయించుకోవాల్సి వచ్చింది. పరీక్షలు, సెలైన్లు, నాలుగు వారాల మందులు కలిపి ఆరువేల ఎనిమిది వందలు. పింఛను లేని ఇంట్లో అది రెండు నెలల సరుకుల డబ్బు. కోలుకునేదాకా పెట్టమన్న ప్యాకెట్ తిండి ఖర్చు వేరే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పశువుల దాణాకు పన్ను లేకుండా వదిలారు. ప్యాకెట్లో అమ్మే కుక్క తిండికి 18 శాతం వేశారు.

ఆవుకు, గేదెకు, మేకకు బీమా చేయిస్తే ప్రీమియంలో ప్రభుత్వం కొంత భరిస్తుంది. భరించాల్సిందే, అవి రైతు బతుకుతెరువు. కానీ ఒంటరి ముసలితనానికి తోడుగా ఉన్న జంతువుకు ఏ లెక్కలోనూ చోటు లేదు. ‘స్తోమత లేనివాళ్ళకు కుక్కెందుకు?’ అనేవాళ్ళున్నారు. పండును ఎవరూ కొనలేదు. కాలవలోంచి తీశారు. అలా తీసేవాళ్ళలో ఎక్కువమంది స్తోమత లేనివాళ్ళే.

ఈ మాటకు లండన్‌లో వందేళ్ళ కిందటే ఒక జవాబు దొరికింది. 1917లో, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, మరియా డికిన్ అనే ఆవిడ వైట్‌చాపెల్ పేదల పేటలో ఒక నేలమాళిగలో ఉచిత జంతు వైద్యశాల తెరిచారు. డబ్బు లేని ఇళ్ళలోని జంతువుల కోసమే అది. పీడీఎస్ఏ పేరుతో ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది. మన దగ్గరా ఆ దారి అసలు లేకపోలేదు. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదేరోజు లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలి రేబిస్ టీకా వేయించాడు. ఏడాదిలో ఒక్కరోజు చేయగలిగిన మేలును మిగిలిన రోజులకూ కొంత పొడిగించడం అసాధ్యమేమీ కాదు.

పండు పేర అడ్వాన్సు

అపార్టుమెంట్ల విషయంలో నిబంధన కుక్కల పక్షానే ఉంది. మెజారిటీ ఓటుతో తీర్మానించినా సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించడానికి, లిఫ్టు ఎక్కనివ్వకపోవడానికి వీల్లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అలాంటి నిషేధాలు చెల్లవని 2021లో కేరళ హైకోర్టూ చెప్పింది. లాయరు కుర్రాడు ఆ కాగితాలు పంపాడు. కానీ కొడుకు కాపురం ఉండే చోట కోర్టు మాట ఎత్తడం టీచరుగారికి ఇష్టం లేకపోయింది. ఇక అద్దెకిచ్చే ఆసామి ‘కుక్కకు ఇల్లివ్వను’ అంటే అడిగే చట్టమే లేదు.

ఆ భయాన్నీ ఆవిడ తప్పుపట్టరు. కుక్క కరిచిన పసిపిల్లలున్న ఇళ్ళు ఉన్నాయి. గొలుసు లేకుండా వదిలేవాళ్ళు, ఎదుటివాళ్ళ గుమ్మం ముందు పాడుచేయించేవాళ్ళు ఉన్నారు. అందుకే ఆవిడ నడకకు వెళ్ళేటప్పుడు ఒక చేతిలో గొలుసు, ఇంకో చేతిలో పాత పేపరు ఉంటాయి.

పన్నెండో ఇల్లు కేదారేశ్వరపేటలో. ఇంటాయన రైల్వేలో రిటైరైన పెద్దమనిషి. కుక్కనగానే తలుపు వేయలేదు. టీకా కార్డు చూపించమన్నారు, చూశారు. ‘‘గోడలూ తలుపులూ గీరితే బాగుచేయించడానికి ఒక నెల అద్దె అదనంగా ఉంచండి. ఏమీ పాడవకపోతే వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తాను. రాత్రిపూట అరిస్తే మాత్రం ఊరుకోను’’ అన్నారు. ఒప్పందం కాగితం మీద పెట్టుకున్నారు. పండు పేర అడ్వాన్సు!

ఇద్దరు పెద్దవాళ్ళు అరగంటలో తేల్చుకున్న సంగతిని చట్టంలో రాయలేమా? ఇంగ్లండులో 2025లో ఆమోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం ఇదే చెప్పింది. జంతువును ఉంచుకుంటామని అడిగితే తగిన కారణం లేకుండా యజమాని కాదనకూడదు. కారణం ఉంటే కాదనవచ్చు. అడగడానికైనా ఒక హక్కు ఉండటం, అంతే తేడా.

ఇల్లు దొరికాక టీచరుగారు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో నాలుగు కోరికలు రాశారు. టీకాలు వేయించి, లైసెన్సు తీసుకున్న కుక్కకు అద్దె ఇంట్లో న్యాయమైన షరతులతో చోటివ్వాలి. రేషను కార్డుదారులకు, ఒంటరి వృద్ధులకు పశువైద్యశాలలో పరీక్షలు ఉచితంగా చేయాలి. కుక్క తిండిమీద పన్ను తగ్గించాలి. వదిలేసేవాళ్ళకు జరిమానా ఈ కాలానికి తగ్గట్టు పెంచాలి. చివరిది రాసేటప్పుడు ఉండవల్లి గట్టు గుర్తొచ్చి కాసేపు కలం ఆగింది. అయినా రాశారు.

సోమవారం కలెక్టరేటులో అర్జీల వరసలో నిలబడి ఇచ్చారు. ‘‘ఇది ఏ శాఖ కిందికి వస్తుందమ్మా? పశుసంవర్ధకమా, మున్సిపాలిటీయా, రెవెన్యూయా?’’ అడిగాడు అక్కడి కుర్రాడు.

‘‘ఆ సంగతి తేల్చమనే నాయనా వచ్చింది’’ అన్నారావిడ.

అతను నవ్వి, నంబరు వేసి రసీదు ఇచ్చాడు. ఇప్పుడది పండు టీకా కార్డులో మడిచిపెట్టి ఉంది. రోజూ పొద్దున్నే పేపరు చదివి వినిపించేటప్పుడు, చట్టాల సంగతేమైనా వచ్చిందేమోనని ఆవిడ ముందు అదే వెతుకుతున్నారు. పండు నిలబడిన చెవితో వింటోంది.