చవుక సర్వరును గూర్చి మా యనుభవము

మా యత్తగారు పాడిన పాటలు మొత్తము 212. పెండ్లిపాటలు, లాలిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. వీనిలో ననేకములు మే మెఱిగిన యే పుస్తకమునందును లేవు. ఆమె బ్రదికియున్న దినములలో మేము ముగ్గురు తోడికోడండ్రమును ఫోనులలో వానిని రికార్డు చేసితిమి. మాలో పెద్దామె కాకినాడలోను, నడిమియామె హైదరాబాదులోను, చిన్నామె అమెరికాలోని డాలస్ నగరమునందును కాపురముండుటచే, మూడు చోట్లనుండియు వినుటకు వీలుగా నొక వెబ్‌సైటు పెట్టవలెనని 2022లో నిశ్చయించుకొంటిమి. అందులకు వర్చ్యువల్ ప్రైవేట్ సర్వరు నొకదానిని అద్దెకు దీసికొనుడని పెద్దామె కుమారుడు సలహా చెప్పెను.

అది యేమో యెఱుగని సోదరీమణుల కొక మాట. పెద్ద లోగిలిని గోడలు పెట్టి వాటాలు చేసి యద్దెకిచ్చుట మన మెఱిగినదే. అట్లే డేటా సెంటరులోని పెద్ద కంప్యూటరు నొకదానిని సాఫ్టువేరుచే భాగములుగా జేసి, ఒక్కొక్క భాగమును నెలయద్దెకిత్తురు. ప్రతి వాటాకును వేఱు తలుపు, వేఱు తాళపుచెవి. లోపల మన యిచ్చవచ్చినట్లు సర్దుకొనవచ్చును. ఊడ్చుకొను భారమును మనదే. నూయి మాత్ర ముమ్మడి. యజమాని యాశకొలది మితిమీఱి వాటాలు వేసినచో, అందఱు నొక్కసారి చేదలు వేసినపుడు ఎవ్వరికిని నీరందదు.

మొదటిసారి మేము చూచినది వెల యొక్కటియే. ఏడాదికి 900 రూపాయలు. మొత్తము ముందుగా చెల్లింపవలెను. ఆ సంస్థను పొగడుచు వ్రాసిన సమీక్షలు నాలుగైదు చదివి సంతోషించితిమి. అట్టి ప్రతి సమీక్ష క్రిందను ఒక లింకు ఉండెను. ఆ లింకు ద్వారా కొన్నవారి సొమ్ములో వ్రాసినవారికి కొంత కమీషను ముట్టునని మాకు పిదప తెలిసినది. పెండ్లిండ్ల పేరయ్యను వరుని గుణము లడుగుట వంటి పనియే మేము చేసితిమి.

ఏడవ నెలలో నొకనాటి యుదయమున మా సైటు తెఱచుకొనలేదు. జాబులు వ్రాసితిమి, ప్రత్యుత్తరము లేదు. వారము తిరుగకముందే ఆ సంస్థవారి సైటును కానరాలేదు. పోయిన 900 రూపాయలకు మేము చింతింపలేదు. అత్తగారు తమ చివరి నెలలలో, మంచము మీదనుండి, జ్ఞప్తికి వచ్చినపుడెల్ల ఒక్కొక్క పాట పాడెడివారు. పెద్దామె ఫోనులో చోటు చాలక, ఆ పాటలను సర్వరునకు ఎక్కించి ఫోనులో చెఱిపివేయుచుండెను. ఇట్టివి 31. బంధువుల ఫోనులన్నియు, వాట్సాప్ గుంపులన్నియు వెదకగా 22 దొరకినవి. తొమ్మిది పోయినవి. తన తల్లియొద్ద నేర్చినదని యామె చెప్పిన లాలిపాట వానిలో నొకటి.

కొన్నాళ్లు ఆ సంస్థను తిట్టితిమి. పెద్దామె తన్ను దాను తిట్టుకొనెను. ఆమెను తిట్టుటకు మాకు నోరు రాలేదు. వేఱొక చోట దాచితివా యని మా యిద్దఱిలో నొక్కరైనను ఆమె నెన్నడు నడిగియుండలేదు గదా. పేరుమోసిన సంస్థయైనచో ఇట్లు జరుగకపోవునని తలచుటయు పొరపాటే. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు నగరమున, ఓవీహెచ్ అను పెద్ద సంస్థయొక్క డేటా సెంటరు భవనమొకటి అగ్నికి ఆహుతియైనది. బ్యాకప్పు ప్రతులను గూడ ఆ యావరణలోనే యుంచినవారిలో కొందఱికి రెండును పోయినవి.

రెండవసారి తొందరపడలేదు. మూడు సంస్థల యొద్ద మూడు సర్వరులు, ఒక్కొక్క నెలకు మాత్రమే, మా సొమ్ముతో తీసికొంటిమి. అన్నిటను ఆ పాటలనే యుంచి, ఆ పరీక్షలే చేసితిమి.

మొదట వెల. ప్రకటనలోని వెల తొలి గడువునకే; రెండవ గడువున నెంతయో చిన్న యక్షరములలో నుండును. బ్యాకప్పునకు వేఱు, ఐపీవీ4 చిరునామాకు వేఱు. ఈ చిరునామాల ప్రపంచపు టుమ్మడి నిలువ 2011 ఫిబ్రవరిలోనే పంచుటకు లేకుండ అయిపోయినందున వానికి వెల కట్టువారు కలరు. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ యన్నట్లు, ఒకచోట 250 రూపాయల యద్దె లెక్క తేలునప్పటికి 520 అయినది.

పిదప నూతినీరు. ‘టాప్’ అను ఆజ్ఞ నిచ్చినచో ‘ఎస్‌టీ’ యను నంకె యొకటి కానవచ్చును. మనకు రావలసిన ప్రాసెసరు కాలములో నూటికెంత యితరులకు పోవుచున్నదో యది తెలుపును. రాత్రి తొమ్మిది గంటలకు చూడగా, అన్నిటికంటె చవుకదానిలో అది 20 దాటెను. తక్కిన రెంటిలో ఒకటికి మించలేదు.

దూరమును చూచితిమి. కాకినాడనుండి ముంబయి సర్వరునకు పోయివచ్చుటకు 30 మిల్లీసెకన్లు, జర్మనీలోనిదానికి 150. ముంబయిదే మేలని మొదట తలచితిమి గాని, పాట వినువారి కా భేదము ఱెప్పపాటు. పాట మొదలైన పిదప తెలియనే తెలియదు. డాలస్ నుండి వినువారికి జర్మనీయే దగ్గఱ.

నూటికి 99.9 పాళ్లు పనిచేయునన్న హామీని గూడ లెక్కవేసితిమి. ముప్పది దినములలో 43 నిమిషములు ఆగినను ఆ మాట తప్పినట్లు కాదు. మాకది చాలును. ఆదివారము రాత్రి మూడు సంస్థలకు నొకే సందేహము వ్రాసి పంపితిమి. ఒకరు గంటలో, ఒకరు మఱునాడు బదులిచ్చిరి. చవుకవారు నెల ముగియువఱకును ఇయ్యలేదు.

తుదకు జర్మనీలోని సర్వరును, నెలకు 450 రూపాయల కుంచుకొంటిమి. ఏడాదికి ముందు చెల్లించిన తగ్గింపు కలదనిరి, వలదంటిమి. నెలనెల చెల్లించువారు ఏ నెలనైనను మూట గట్టుకొని పోవచ్చును.

ఒక్క సంగతి మఱువరాదు. సర్వరు తెఱచిన మొదటి రాత్రియే, ఎవరో యపరిచితులు సంకేతపదములు ఊహించుచు వందలసారులు తలుపు తట్టిన జాడ లాగులో కనబడెను. మఱునాడే సంకేతపదముతో ప్రవేశించుట మాన్పి, ఎస్ఎస్‌హెచ్ తాళపుచెవి నేర్పాటు చేసితిమి. ఊడ్చుకొను భారము మనదే యంటిమి గదా.

ఇప్పుడు ప్రతి యాదివారమును పాటల ప్రతి యొకటి కాకినాడలోని హార్డుడిస్కునకు, ఒకటి హైదరాబాదులోనిదానికి చేరును. నెలకొకసారి వానిలో నైదు పాటలను డాలస్‌కు పంపగా, చిన్నామె విని సరిచూచును. పలుకని ప్రతి ప్రతి కాదు. కావున ఈ సర్వరు రేపు మాయమైనను మాకు పోవునది ఒక నెల యద్దె మాత్రమే. ఈ ధైర్యము కుదిరిన పిమ్మట చవుకదానిని వెదకుటలో దోషము లేదు. కుదరకముందు ఎంత వెలపెట్టినను భద్రత లేదు.

మీ యిండ్లలోను అట్టి పాటలు, వంటల పుస్తకములు, పాత ఛాయాచిత్రము లుండును. ముందు మూడుచోట్ల దాచుడు. పిదప సర్వరు నెన్నుకొనుడు. మీరు వాడిన సర్వరును గూర్చి పదిమందికి చెప్పునపుడు, ఎన్ని నెలలు వాడితిరో, ఎంత చెల్లించితిరో, చెప్పినందుకు మీకేమైన ముట్టినదో లేదో, అదియు చెప్పుడు.

మా సైటులో పాటల వరుస నేటికిని 212 వఱకు నున్నది. ఆ తొమ్మిది యంకెల యెదుట చోటు ఖాళీగానే యుంచితిమి.