నిజాంసాగర్ కట్ట మీద ఒక స్టేటస్

వానాకాలంలో బోధన్ వెళ్తే నాకూ మా దోస్తుకీ ఒకటే ప్లాన్. బైక్ తీసి వర్ని, బాన్సువాడ మీదుగా నిజాంసాగర్. దారి పొడుగునా వరే. చెరకు మా చిన్నప్పుడు ఉన్నంత లేదు. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఎవరేస్తారు?

ఈసారి మంజీర నిండుగా ఉంది. కట్ట మీద నిలబడి మక్క కంకులు తింటుంటే వాడు గాజా వీడియో చూసి స్టేటస్ టైప్ చేశాడు: "యూదులంతా ఇంతే."

"ఇజ్రాయెల్ సర్కార్‌ని తిట్టు. యూదులంతా అంటే ఎట్లరా?" అన్నా.

"గా ముక్కతోనే కదా అందరి నోరు మూయిస్తున్నరు!"

వాడన్నదీ ఉత్తది కాదు. యూదు ద్వేషం అంటే ఏంటో చెబుతూ 2016లో ఐహెచ్ఆర్ఏ అనే అంతర్జాతీయ కూటమి ఒక నిర్వచనం, 11 ఉదాహరణలు ఇచ్చింది. వాటిలో ఎక్కువ ఇజ్రాయెల్ చుట్టూనే. విమర్శకుల మీద దాన్ని వాడటం తప్పని, ముసాయిదా రాసినవాళ్లలో ముఖ్యుడైన కెన్నెత్ స్టెర్నే అంటున్నాడు. దానికి పోటీగా 2021లో కొందరు మేధావులు జెరూసలేం డిక్లరేషన్ తెచ్చారు. ఈ రెండింటికీ చాలావాటిలో పడదు. కానీ ఇజ్రాయెల్ చేసినదానికి యూదులందర్నీ బాధ్యుల్ని చేస్తే అది ద్వేషమేనని రెండూ ఒప్పుకుంటాయి. అంటే మావాడి స్టేటస్ రెండుచోట్లా ఫెయిల్.

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని చెప్పా. బెనె ఎఫ్రాయిమ్ అంటారు. "గాజాతో వాళ్లకేం పని?" అని అడిగా.

వాడు కంకి పక్కన పెట్టాడు. "మరి సెప్టెంబర్ 17కి నువ్వేం పెట్టినవ్? నిజాంగాళ్లకు ఇంకా బుద్ధి రాలేదని! నిజాం ఇప్పుడేడున్నడు? ఎవర్ననుకున్నవ్?"

"నిన్ను కాదురా."

"యూదుల్ల నాకో దోస్తుంటే నేను గూడ గదే అందును. మా తాత ఫ్యాక్టరీల చెరకు మోసిండు. రజాకార్ గాదు."

రజాకార్లు చేసినవి చెప్పాల్సిందే. కానీ నేను రాసింది వాళ్ల గురించి కాదు, మా గల్లీ గురించి. మేం నిలబడ్డ ఈ కట్ట కూడా నిజాం కాలందే. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. చీఫ్ ఇంజినీర్ అలీ నవాజ్ జంగ్. మా పొలానికి నీళ్లు ఈ కాలువవే.

వాడు "యూదులంతా" తీసేసి "నెతన్యాహు సర్కార్" అని మార్చాడు. తర్వాత నా ఫోన్ వైపు చూశాడు. సిగ్నల్ లేదన్నా. రెండు గీతలున్నాయి.

బాన్సువాడలో చాయ్ తాగేటప్పుడు తీసేశా.