అమ్మ అడిగిన ప్రశ్న

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పీజీలో అంతర్జాతీయ భద్రత చదువుతున్నానంటే, "పోలీసు ఉద్యోగమా?" అంది అమ్మ. జవాబు చెప్పలేకపోయాను.

గుణదల హాస్టల్ గదిలో ఓ నోటు పుస్తకంలో తెలుగులో రాయడం మొదలుపెట్టాను. 2004 డిసెంబరు 26న సునామీ మన మంగినపూడి తీరాన్నీ తాకింది. బాధిత దేశాలకు సాయం అందించడానికి భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా చేతులు కలిపాయి. ఆ నాలుగు దేశాలే 2007లో 'క్వాడ్'గా కూర్చున్నాయి.

సెలవుల్లో చదివి వినిపించాను. "మన సముద్రం సంగతేగా!" అంది అమ్మ.

పరిశోధకుణ్ణి కావాలని నా ఆశ. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. నాన్న ఇంకా కూలికి వెళ్తున్నాడు. అందుకే ఉద్యోగ పరీక్షలకూ చదువుతున్నాను.

తమ్ముళ్లూ, మీ చదువేమిటో ఇంట్లో ఒక్కసారి చెప్పి చూడండి.