లేని అంకె

ఛందస్సు, వ్యాకరణం తప్ప అన్యమెరుగని పంతులు పటాల దస్త్రాల గూర్చి వ్రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, కాని చివరిదాకా చదవండి.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను గూర్చి తెలుగువారికి నేను క్రొత్తగా చెప్పనక్కరలేదు. అప్పుడు బందరులో ఇంటరు చదువుతూ హాస్టలులో ఉన్నాను గనుక బ్రతికాను. పదవీవిరమణ తరువాత నాకొక పని మీద మనసు పడింది. ఆ రాత్రి మా ఊరిలో ఏ యింట నీరు ఎంత ఎత్తున నిలిచిందో, చూచినవారుండగానే వ్రాసిపెట్టుకోవాలని. ఊరంతా తిరిగాను. పాత అరుగుల మీద, గుడి స్తంభం మీద, పూరిళ్ళు పోయినచోట కొబ్బరిచెట్టు మీద, "ఇదిగో మాస్టారూ, ఇందాకా" అని వేలు పెట్టి చూపేవారు. నేను టేపు పట్టేవాడిని. ఫోనులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు గుర్తించేవాడిని.

మొత్తం 41 చోట్లు. ఇరవైతొమ్మిదింట కొలత దొరికింది. దిబ్బ మీది అయిదిళ్ళకు నీరు రాలేదు, అక్కడ సున్న వేశాను. మిగిలిన ఏడిళ్ళలో చెప్పేవారే మిగలలేదు. నోటుపుస్తకంలో ఆ గడులు ఖాళీగా వదిలాను.

హైదరాబాదులో పటాల పనిచేసే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి, ఆ లెక్కంతా కంప్యూటరులోకి ఎక్కించాడు. ఒక్కొక్క బిందువుకు రేఖాంశం, అక్షాంశం, మూడవ అంకెగా నీటి ఎత్తు. దానిని షేప్ ఫైలుగా మార్చి తెర మీద చూపాడు. నీరు రాని యిళ్ళు పచ్చరంగు. లెక్కపెట్టాను, పన్నెండున్నాయి.

"ఇదేమిట్రా, అయిదే కదా?"

"ఖాళీలున్నచోట సున్న పడింది మామయ్యా. మార్చేటప్పుడు నేను చూచుకోలేదు."

ఇంటిల్లిపాదీ కొట్టుకొనిపోయిన యేడిళ్ళకు "నీరు రాలేదు" అని పటం సాక్ష్యం చెబుతున్నది! వాడిని కోప్పడ్డాను. తరువాత నొచ్చుకొని, అసలిది ఎందుకిలా జరుగుతుందో చెప్పమన్నాను.

వాడు చెప్పినది నాకర్థమైనంతలో ఇది. షేప్ ఫైలు స్వరూపాన్ని వివరిస్తూ ఎస్రి సంస్థ 1998 జూలైలో ఒక పత్రం వెలువరించింది. దాని ప్రకారం ఒక దస్త్రంలోని ఆకృతులన్నీ ఒకే జాతివి కావాలి. రెండంకెల బిందువుకు 1, ఎత్తు గల బిందువుకు 11, ఎత్తు లేక ఎమ్ అనే కొలత మాత్రమే గల బిందువుకు 21 అని జాతి సంఖ్యలు. పదకొండవ జాతి అన్న తరువాత ప్రతి బిందువుకూ ఎత్తు గడి ఉండితీరాలి, అందులో ఏదో ఒక అంకె ఉండితీరాలి. ఎత్తు లేదని చెప్పే గుర్తు ఆ పత్రంలో లేదు. చిత్రమేమంటే ఎమ్‌కు మాత్రం ఉంది. ఒకటి ప్రక్కన 38 సున్నలు పెట్టి, ముందు ఋణచిహ్నం తగిలిస్తే వచ్చే సంఖ్యకంటే చిన్నదేదైనా సరే, దానిని కొలతగా కాక "విలువ లేదు" అని చదవాలట. ఎత్తు గల రేఖలలో ఎమ్ ఉన్నా సరే, లేకున్నా సరే; రికార్డు పొడవును బట్టి ఉనికిని గ్రహించాలట. గణాలు లెక్కించి పాదంలో జారిన అక్షరాన్ని పట్టుకొన్నట్లన్నమాట.

నాకు వెంటనే చిన్నయసూరి గుర్తుకు వచ్చాడు. మన బాలవ్యాకరణంలో వైకల్పికమని ఒకటుంది కదా. ఏమి, అంటివి కలిసినప్పుడు ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అననూవచ్చు. సంధి చేయనివాడు తప్పు చేసినట్లు కాదు, అర్థమూ మారదు. ఈ పటాలవారి వైకల్పికం అటువంటిది కాదు, ఇక్కడ ఉండడానికీ లేకపోవడానికీ అర్థం వేరు. దీనికి దగ్గరిది అరసున్న. వాఁడు అన్నప్పుడు పలకకపోయినా, ఒకప్పుడిక్కడ నకారముండేదని ఆ అరసున్న చెబుతుంది. నిండుసున్నకూ అరసున్నకూ తేడా తెలియని పిల్లల చేతి మీద నేను బెత్తంతో కొట్టిన రోజులున్నాయి (ఇప్పుడు తలచుకొంటే సిగ్గు).

"పోనీ, జియోజేసన్‌లో పెడదాం, అక్కడ మూడవ అంకె ఐచ్ఛికం" అన్నాడు వాడు. 2016లో వచ్చిన దాని నిబంధన చదివించుకొన్నాను. రెండంకెలు తప్పనిసరి, మూడవది ఇష్టమైతే. బాగుంది. ఆ క్రిందనే మరొక మాట కనబడింది. ఎత్తు ఇవ్వనిచోట, ఎత్తుతో పనిగల సాధనాలు ఆ బిందువును అక్కడి నేలమట్టాన గాని సముద్రమట్టాన గాని ఉన్నట్లు భావించాలట. నేను కొలిచినదే నేల నుండి గనుక నేలమట్టమంటే మళ్ళీ సున్నే! పైగా ఆ మూడవ అంకె భూగోళపు నమూనా ఉపరితలం నుండి మీటర్లలో లెక్కించే ఎత్తు కోసమట, నా టేపు కొలతకు అది చోటే కాదట.

"మొదటి తప్పు నాదే మామయ్యా. దానిని మూడవ అంకెగా పెట్టనేకూడదు. బిందువుకు రెండంకెలే ఉంచి, నీటి ఎత్తు ప్రక్కనున్న వివరాల పట్టికలో వేద్దాం. అక్కడ ఖాళీని ఖాళీగానే ఉంచవచ్చు."

అలాగే చేశాం. పచ్చ చుక్కలు అయిదయ్యాయి. ఏడు చుక్కలు బూడిదరంగులోకి మారాయి. పట్టికలో ఇంకొక గడి కలుపమని, సంఖ్య కాదు, మాట పట్టే గడి కావాలని అడిగాను. ఆ యేడింటికీ నేనే కూర్చొని "చెప్పేవారు లేరు" అని వ్రాశాను. మూడవది మా తరగతిలో నా ప్రక్క బల్ల మీద కూర్చొనే పిల్లవాడి యిల్లు. అక్కడ వాడి పేరు కూడా వ్రాయవచ్చునా అని అడిగితే, గడిలో చోటుంది మామయ్యా, వ్రాయండి అన్నాడు.